గోడ వంగిన చోటు

ఆ ఎండాకాలం మా ఊరి బౌద్ధ విహారం వెనక గోడ కట్టే పని నాకు దొరికింది. ఇప్పుడు దూరం నుంచి వచ్చి చూసేవాళ్ళు, "మేస్త్రీ, గోడ తిన్నగా పోకుండా మధ్యలో అలా ఎందుకు వంగింది?" అని అడుగుతారు. కట్టింది నేనే కాబట్టి జవాబు నా దగ్గరే ఉంటుందనుకుంటారు. ఉంది. కానీ అది చెప్పాలంటే మా నాన్న గురించి చెప్పాలి.

కోతలైపోయి పొలాల్లో మోళ్ళు మాత్రమే మిగిలిన రోజుల్లో రాజధాని ఫ్నోం పెన్ నుంచి దాలిన్ వచ్చింది. ముప్పై దాటని పిల్ల. చంకలో కాగితాల చుట్ట, నెత్తిన మగవాళ్ళ టోపీ. పొల్ పోట్ పాలించిన కాలంలో మా ఊళ్ళో చంపేసినవాళ్ళకి స్మారకం కట్టాలని, దానికి నమూనా గీసే పని ఆమెదని చెప్పారు. అప్పటిదాకా ఉన్నదల్లా రేకుల కప్పు వేసిన చిన్న చెక్క గది. పొల్ పోట్ కాలం పోయిన రెండేళ్ళకి ఊరివాళ్ళు చెరువుగట్టున శవాలు పూడ్చిన రెండు గుంటలు తవ్వి, దొరికిన ఎముకలన్నీ తెచ్చి ఆ గదిలో అరల మీద పేర్చారు. ఆ అరలకి చెదలు పట్టి వంగిపోయాయి.

విహారంలో పూజలూ పిండాలూ నడిపించే పెద్దమనిషి పెన్. అందరూ ఆచార్ అంటారు. ఆయనే ఊరందరినీ పిలిచి, చాప మీద ఆ కాగితాలు పరిపించాడు.

"పక్క ఊళ్ళో స్తూపానికి నాలుగు వైపులా అద్దాలు పెట్టారమ్మా," అన్నాడు దాలిన్‌తో. "రోడ్డు మీంచే పుర్రెలు కనబడతాయి. చూస్తేనే కదా జనం నమ్మేది. ఈకాలం పిల్లలు మనం చెప్తే కట్టుకథలంటున్నారు."

తమలపాకు నములుతున్న యాన్ అవ్వ పక్కకి ఉమ్మేసి లేచింది. అవ్వ నా భార్య కొలాప్‌కి అమ్మమ్మ. తల్లి చనిపోతే కొలాప్‌ని పెంచింది ఆమే. అవ్వ భర్తనీ పెద్దకొడుకునీ ఆ రోజుల్లో విహారం వెనకున్న బడికి తీసుకుపోయారు. బడిని జైలు చేశారు అప్పట్లో. వాళ్ళిద్దరూ తిరిగి రాలేదు.

"మా ఆయన చొక్కా లేకుండా వాకిట్లోకి కూడా వచ్చేవాడు కాదు," అంది అవ్వ. "అట్లాంటి మనిషిని అద్దాల బీరువాలో నిలబెడతావా పెన్? జనం నమ్మాలంటే నీ తలకాయ పెట్టుకో అందులో."

నలుగురూ నవ్వారు. అవ్వ నవ్వలేదు.

"మరి ఎలా ఉండాలవ్వా?" అని అడిగింది దాలిన్.

"ఇంట్లో ఉన్నట్టుండాలి. ఎండ పడకూడదు, గాలాడాలి. వచ్చినవాడు తలొంచుకుని లోపలికి రావాలి. వింత చూడ్డానికి కాదు, పలకరించడానికి రావాలి."

దాలిన్ అక్కడికక్కడే పెన్సిల్ తీసి గీసింది. బడి మూల నుంచి చెరువు దాకా అరవై అడుగుల పొడుగున ఒకే ఇటుక గోడ. గోడలో గూళ్ళు, గూళ్ళలో మూతలున్న మట్టికుండలు, ఆ కుండల్లో ఎముకలు. పైన ఒక వైపుకి వాలిన పెంకుల కప్పు, దాని కింద గోడ వెంట సన్నటి నడవ. గుమ్మం ఎంత పొట్టిగా పెట్టిందంటే, ఎంతటివాడైనా మెడ వంచితే గానీ లోపలికి రాలేడు. మే ఇరవైన, చనిపోయినవాళ్ళని తలుచుకునే రోజున, తలుపులు తెరవాలన్నారు. మేస్త్రీ ఎవరని అడిగితే ఆచార్ నా వైపు చూపించాడు. సొంత ఊళ్ళో అలాంటి పని చెయ్యడం నాకు గర్వంగానే అనిపించింది.

మా నాన్న పేరు న్యెమ్. అప్పటికి అరవై ఏళ్ళు. ఆ వయసులో కూడా తాటిచెట్లెక్కి నీరా దించి, మధ్యాహ్నం దాకా కాచి బెల్లం చేసేవాడు. మా అమ్మ పోయాక మాట బాగా తగ్గించేశాడు. విహారానికి ముందువైపు నుంచే వెళ్ళి దణ్ణం పెట్టుకుని వచ్చేసేవాడు, వెనక్కి ఎప్పుడూ వెళ్ళగా చూడలేదు. చిన్నప్పుడు ఒకసారి అడిగితే, "ఆ రోజుల్లో ఆ బడిలో నాచేత నీళ్ళు మోయించారు" అన్నాడు. మా ఇంట్లో ఆ సంగతి అంతవరకే.

పని ఖాయమైన రోజు అన్నాల దగ్గర అడిగాడు. "పునాది ఎంత లోతు?"

"నాలుగడుగులు."

"ఏ వైపు నుంచి ఏ వైపుకి?"

"బడి మూల నుంచి చెరువుకి. తిన్నగా."

చేపముక్క నోట్లో పెట్టుకోబోయి ఆగాడు. దాన్ని మళ్ళీ కంచంలో పెట్టేశాడు. "కాస్త జరపమను," అన్నాడు. "అక్కడ నేల మెత్తన."

"చూస్తాలే నాన్నా. నేల నాకు తెలియదా?" అన్నాను.

మూడో రోజు తవ్వుతుంటే, బడి మూలకి ఇరవై అడుగుల దూరంలో గడ్డపార మెత్తగా దిగింది. మాది గట్టి ఎర్రనేల. ఎండాకాలం పార వేస్తే మోచేతి దాకా జివ్వుమంటుంది. అక్కడ అన్నంలో గరిటె దిగినట్టు దిగింది. కందకంలోకి దూకి గోడలు చూశాను. ఎవరూ ముట్టని మట్టి పొరలు పొరలుగా ఉంటుంది. ఒకసారి తవ్వి పూడ్చిన మట్టికి ఎన్నేళ్ళైనా ఆ పొరలు తిరిగి రావు. అక్కడ ఎర్రమట్టీ నల్లమట్టీ తెల్లటి సుద్దా అన్నీ కలగలిసి ఉన్నాయి.

కూలీలని భోజనానికి పంపేసి చేత్తో గీకాను. తాడు ముక్క ఒకటి బయటపడింది. చీకిపోయి ఉంది. ముడి మాత్రం విడలేదు.

దాని మీద మట్టి కప్పేసి మోటార్ సైకిలెక్కి ఇంటికి వచ్చాను. నాన్న పెరట్లో పొయ్యి ముందు కూర్చుని పాకం తిప్పుతున్నాడు.

"నాన్నా, అక్కడ మట్టి పూడ్చింది."

"జరపమన్నాను కదా."

"నీళ్ళు మోసినవాడికి ఆ సంగతి ఎలా తెలుసు?"

తెడ్డు ఆపలేదు ఆయన. పాకం అడుగంటుతుందని కాబోలు. "మొదటి రెండు నెలలు నీళ్ళే మోశాను. తర్వాత పార ఇచ్చారు. ఆ తర్వాత తుపాకీ ఇచ్చి తలుపు దగ్గర నిలబెట్టారు."

పొయ్యికి ఇవతల కూర్చున్నాను. "వద్దనలేకపోయావా?"

"అన్నవాళ్ళున్నారు," అన్నాడు. "వాళ్ళూ అక్కడే ఉన్నారు."

మొత్తం ఏడు గుంటలట. చెరువుగట్టున రెండు ఊరివాళ్ళు తీసేశారు. ఐదు అలాగే ఉన్నాయి. ఆ సంగతి తెలిసినవాళ్ళలో ఇప్పుడు బతికున్నది తనొక్కడేనని చెప్పాడు. చెప్పి, పొయ్యి కింద మంట తగ్గించాడు.

దాలిన్‌కి నేను చెప్పింది వేరు. నేల బాగోలేదు, బరువు మొయ్యదు, పదడుగులు లోపలికి జరుపుదామన్నాను. ఆ పిల్ల నా మొహం వైపు ఓ క్షణం ఎక్కువే చూసింది గానీ సరేనంది. కొత్త గీత వెంట సున్నం పోసి పురికొస కట్టించాను. సాయంత్రం ఆ సంగతి నాన్నకి చెప్పాను.

"అక్కడా ఉన్నారు," అన్నాడు.

"మరెక్కడ కట్టను? నువ్వే చెప్పు!"

"చెప్తే తెలియదురా. బడి మూల నుంచి అడుగులేసి చూపించాలి. నేను రావాలి."

"అందరి ముందా?"

ఆయన తల ఊపాడు. నాకు కొలాప్ గుర్తొచ్చింది. పదేళ్ళ మా పిల్ల గుర్తొచ్చింది. రోజూ సాయంత్రం ఆ పిల్లకి జడ వేస్తూ కథలు చెప్పే యాన్ అవ్వ గుర్తొచ్చింది.

"నువ్వు రావద్దు," అన్నాను. "కాంక్రీటు పోసేస్తాను. పైన గోడ లేస్తే ఇక ఎవరూ తవ్వరు. ముప్పై నాలుగేళ్ళు గడిచిపోయాయి. ఇదీ గడిచిపోతుంది."

ఆ మాట అన్నది నేనే. ఇప్పటికీ ఆ మాట మరిచిపోలేను.

ఆ వారం ఇంట్లో గాలి బిగుసుకుపోయింది. నాన్న రెండు ముద్దలు తిని లేచిపోయేవాడు. నేను పిల్ల మీద ఊరికే కసురుకున్నాను. ఓ పొద్దున కొలాప్ నా దారికి అడ్డంగా నిలబడింది. "మీ నాన్న తిండి మానేశాడు, నువ్వు మాట మానేశావు. నా ఇంట్లో ఏం జరుగుతోందో నాకు తప్ప అందరికీ తెలుసా?"

"ఏముంది, నేల సంగతి. పని వెనకబడుతోంది," అన్నాను.

ఆమె నమ్మలేదు. నమ్మనట్టు కనబడకుండా పక్కకి తప్పుకుంది.

కాంక్రీటు పోసే రోజు ఆచార్ అగరొత్తులు వెలిగించాడు. యాన్ అవ్వ తెల్లచొక్కా వేసుకుని వచ్చి తాటాకు చాప మీద కూర్చుంది. కొలాప్ పనివాళ్ళకి గంజీ ఎండుచేపలూ తెచ్చింది. మిక్సర్ తిరుగుతోంది. మొదటి తట్ట నింపించి కందకం వైపు నడుస్తుంటే, విహారం పక్కనుంచి నాన్న వస్తూ కనిపించాడు. చంకలో తాటిమట్టలు చీల్చి చెక్కిన గూటాల కట్ట ఉంది. అవి ఎప్పుడు చెక్కాడో నాకు తెలియదు.

"మిషన్ ఆపరా," అన్నాడు నాతో.

నేను ఆపలేదు. విననట్టు నిలబడ్డాను. దాలిన్ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, తనే వెళ్ళి మిక్సర్ ఆపేసింది.

నాన్న బడి మూలకి వీపు ఆనించి నిలబడ్డాడు. లోపల్లోపల లెక్కపెట్టుకుంటూ అడుగులేశాడు. తొమ్మిది అంగలకి ఆగి, కుడివైపు తిరిగి, మరో నాలుగేసి, వంగి ఒక గూటం పాతాడు. రాయి తీసుకుని కొట్టాడు. మళ్ళీ నడిచాడు. గుంటకి నాలుగు చొప్పున ఇరవై గూటాలు. ఒక్కసారి కూడా తడబడలేదు. నేను వేసిన పురికొస రెండు గుంటల మధ్యనుంచి పోతోంది. మూడోదాన్ని సగానికి కోస్తోంది.

"ఇక్కడ తవ్వకండి. ఇక్కడ మనుషులున్నారు," అన్నాడు.

"నీకెలా తెలుసు న్యెమ్?" అని అడిగాడు ఆచార్. గొంతు చాలా మెల్లగా ఉంది.

"తవ్వాను. కాపలా కాశాను."

ఎవరో పళ్ళెం కింద పెట్టిన చప్పుడైంది. యాన్ అవ్వ చాప మీంచి లేచి వచ్చి, నాన్నకి రెండడుగుల దూరంలో నిలబడింది.

"మా ఆయన దేంట్లో ఉన్నాడు?"

"పేర్లు తెలియవక్కా."

"పొట్టిమనిషి. ఎడమచేతికి రెండు వేళ్ళుండవు."

నాన్న ఆమె మొహం చూడలేదు. చెరువు వైపున్న నాలుగో గుంట చూపించాడు. "గుర్తున్నాడు. నన్ను నీళ్ళడిగాడు."

"ఇచ్చావా?"

"లేదక్కా."

అవ్వ నాలుగో గుంట దగ్గరికి వెళ్ళి, గూటాల బయటే కూర్చుంది. కొలాప్ వెళ్ళి ఆమె భుజం పట్టుకుంది. పట్టుకుని, తల తిప్పి నన్ను చూసింది. నాన్నని కాదు, నన్ను.

మధ్యాహ్నం నేను ఇల్లు చేరేసరికి పిల్ల బట్టలు మూటకట్టి ఉన్నాయి.

"ఆయన ముప్పై నాలుగేళ్ళు దాచాడు," అంది కొలాప్. "సరే, ఆయన భయం ఆయనది. నువ్వు ఆరు రోజులు దాచావు. మా తాత మీద కాంక్రీటు పొయ్యబోయావు. ఆ పోసేవాళ్ళకి గంజి నాచేతే పంచిపెట్టించావు."

"నీకోసమే కదా..."

"నాకోసం అనకు," అని పిల్ల చెయ్యి పట్టుకుని చెరువు అవతల అవ్వ ఇంటికి వెళ్ళిపోయింది.

ఊరు కూడా దూరం జరిగింది. కూలీలలో ఇద్దరు రావడం మానేశారు. నాన్న ఎక్కడానికి తాటిచెట్లకి కట్టుకున్న వెదురుబొంగులన్నీ ఎవరో కోసి పడేశారు. ఆయన వాటిని ఏరుకొచ్చి పెరట్లో పేర్చి ఊరుకున్నాడు, మళ్ళీ చెట్టెక్కలేదు. పోలీసులొస్తారా అని ఎవరో అడిగితే, "పొల్ పోట్ పక్కనున్న పెద్దపెద్దవాళ్ళ విచారణే ఇంకా తెమల్లేదు, ఈయన కోసం ఎవరొస్తారు?" అన్నాడట ఆచార్. ఆ మాట వింటే నాకు ఊరట కలగలేదు. నాన్నకీ కలగలేదనుకుంటాను.

దాలిన్ మాత్రం మర్నాడే ఇంటికి వచ్చింది. గుంజల మీద కట్టిన మా ఇంటి కింద వెదురుమంచం మీద కాగితం పరిచి, "తాతా, ఇంకోసారి నడిచి చూపించగలరా? నేను కొలుచుకోవాలి," అంది. ఆయన వెళ్ళి మూడుసార్లు నడిచాడు. ఆమె మూడుసార్లూ కొలిచింది. ఒక్క అంగుళం తేడా రాలేదని టేపు చుట్టుకుంటూ నాతో అంది.

ఎముకలు తీయాలా, వద్దా అని మళ్ళీ సభ పెట్టారు. ఆచార్ తీయాలన్నాడు. చాలామంది అవ్వ వైపు చూశారు. "ఆ గట్టువాళ్ళని లేపాం, చాలు. వీళ్ళని పడుకోనివ్వండి," అంది అవ్వ. "కానీ ఎవరి కాలూ పడకూడదు వాళ్ళ మీద."

అందుకని దాలిన్ గోడని వంచింది. బడి మూల నుంచి బయల్దేరి, మొదటి గుంట దగ్గర పక్కకి తొలిగి, మూడోదాన్ని చుట్టి, నాలుగూ ఐదుల మధ్య మళ్ళీ వంగి చెరువు చేరేలా కొత్త గీత గీసింది. గుంటల మీద ఏమీ కట్టకుండా వదిలేసింది. గడ్డి, చుట్టూ మోకాలెత్తు ఇటుక వరస, అంతే.

తిన్నని గోడ ఎవడైనా కడతాడు. వంపుగోడకి గూటం పాతి, దారం కట్టి, ప్రతి వరసకీ చుట్టూ తిప్పుకుంటూ రావాలి. ఇటుక ఇటుకకీ మధ్య సున్నం లోపల సన్నగా, బయట వెడల్పుగా పడాలి. రోజుకి మూడు వరసలు దాటేవి కాదు. వంపులు ఇంకెవరికీ ఇవ్వకుండా నేనే కట్టాను. మార్చి, ఏప్రిల్ అలాగే గడిచాయి. ఆ మధ్యలోనే మా కొత్త సంవత్సరం వచ్చినా మా ఇంట్లో పండగ లేదు. అన్నం నేనే వండేవాణ్ణి. నాన్న, నేను ఎదురెదురుగా కూర్చుని తినేవాళ్ళం. మొదటి గూడు కట్టిన రోజు ఆయనతో చెప్పాను. "గుమ్మం ఎటు పెట్టారు?" అని అడిగాడు. చనిపోయినవాళ్ళ దిక్కు, పడమటికి అన్నాను. "మంచిది," అన్నాడు. రెండు నెలల్లో మేం మాట్లాడుకున్నది అంతకంటే పెద్దగా ఏమీ లేదు.

మే ఇరవైన భిక్షువులు వచ్చారు, ఆఫీసర్లు వచ్చారు. జనం మెడలు వంచి లోపలికి వెళ్ళారు. నాన్న రాలేదు. వచ్చేవాళ్ళకి ఇబ్బంది కాకూడదని పొద్దున్నే తలుపేసుకున్నాడు. మా పిల్ల గుంపులోంచి పరిగెత్తుకొచ్చి నా నడుం పట్టుకుంది. కొలాప్ దూరంగా అవ్వ పక్కన నిలబడి గోడ వంపు మీద చెయ్యి ఆనించి చూస్తోంది.

మొదటి వాన పడ్డ మర్నాడు తను ఇంటికి వచ్చింది. మూట లోపల పెట్టి, "ఇంటికొచ్చాను. నీతో మాట్లాడ్డానికి ఇంకొంచెం టైం పడుతుంది," అంది. నాన్నకి కంచం పెట్టింది. ఆయన తలెత్తలేదు.

ఆ వారంలోనే ఒక పొద్దున, కర్ర పొడుచుకుంటూ యాన్ అవ్వ వచ్చింది. వెదురుమంచం మీద పడుకున్న నాన్న లేచి కిందికి దిగి నేల మీద కూర్చున్నాడు. అవ్వ మంచం ఎక్కలేదు. కొలాప్ చాప తెచ్చి వేస్తే దాని మీద కూర్చుంది.

"వంటింటి పనులు చూసుకోపో," అంది కొలాప్‌తో. కొలాప్ కదల్లేదు. అవ్వ మళ్ళీ చెప్పలేదు.

"మా ఆయన సంగతి చెప్పు," అంది నాన్నతో. "తీసుకొచ్చిన రోజు నుంచి. ఏదీ వదలకు."

నాన్న చెప్పాడు. మొదట మాటలు పేగుల్లోంచి లాగినట్టు వచ్చాయి. ఎన్ని రోజులు ఉంచారో, ఏ గదిలో ఉంచారో, ఏం పెట్టారో చెప్పాడు. ఆయన దగ్గుతూ ఉండేవాడని చెప్పాడు.

"దగ్గా? ఆయనకి దగ్గెక్కడిది?" అంది అవ్వ. కాస్త ఆగి, "చలికాలమా?" అంది.

"అవునక్కా. మాఘం. పున్నమి దాటిన రెండో రోజు. వెన్నెల బాగా ఉందని ఆ రోజు దీపాలు లేకుండానే..." అని ఆపేశాడు.

అవ్వ వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంది. పెదాలు కదిలాయి. "పున్నమి దాటి రెండో రోజు," అంది తనలో తనే. "రోజు తెలియక ఇన్నేళ్ళూ పితరుల పదిహేను రోజుల్లో అందరితో పాటే ఇంత ముద్ద పెట్టాను. ఆయనకంటూ ఓ రోజు లేకపోయింది."

కొలాప్ గుంజకి ఆనుకుని ఏడ్చింది. నాన్న చేతులు జోడించి తల నేలకి ఆనించాడు. అవ్వ ఆయన్ని లెమ్మనలేదు. తాకలేదు. కొలాప్ ఏడుపు ఆగేదాకా ఊరుకుని, కర్ర ఆసరాతో లేచింది.

"మా పెద్దోడు కూడా ఉన్నాడు," అంది. "పందొమ్మిదేళ్ళు. వాడు నీకు గుర్తున్నాడా?"

నాన్న తలెత్తకుండానే ఊపాడు. చెప్పడానికి నోరు తెరిచాడు.

"ఇవాళ వద్దు. ఇవాళ మా ఆయన్ని ఇంటికి తీసుకుపోనీ," అంది అవ్వ. "రేపు వస్తా. వాడి సంగతి అంతా చెప్పేదాకా చావకు న్యెమ్."